వరంగల్‌లో దిగిన మొదటి రోజు తీరిగ్గా గడపడం ఎలా

వరంగల్ చూడడానికి వచ్చేవారి ప్రణాళికలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బండి ఎక్కడం, దిగీ దిగగానే వేయి స్తంభాల గుడి, అక్కడి నుంచి భద్రకాళి, నడినెత్తిన ఎండ పెట్టుకుని కోట, చీకటి పడేలోపు రామప్ప. ఫోను నిండా ఫొటోలే. ఏ స్తంభం ఏ గుడిదో మర్నాటికి తీసినవారికే తెలియదు. పిల్లలకు కాళ్లు కాలడం, పెద్దలకు నడుము నొప్పి గుర్తుంటాయి.

ఇక్కడ చెప్పబోయే పద్ధతి దానికి పూర్తిగా ఎదురు. చేతిలో రెండు మూడు రోజులు ఉన్నవారికి, చదువు కోసమో ఉద్యోగం కోసమో ఒక రోజు ముందే వచ్చి దిగినవారికి ఇది పనికొస్తుంది. నియమం ఒక్కటే: మొదటి రోజు ఒక్క చోటికే వెళ్లాలి, అదీ సాయంత్రం పూట. మిగతా సమయమంతా దిగడానికి, గది చేరడానికి, తిండికి, నిద్రకు. బద్ధకంగా అనిపించవచ్చు గాని, ఈ ఊరి కట్టడాలు నిలబడి, కూర్చుని, చుట్టూ తిరిగి చూడాల్సినవి. అలసిన కంటికి అవన్నీ ఒకే నల్లరాయి.

మొదటి మెట్టు: మూడు ఊళ్లను విడదీసి చూడండి

బయటివారు వరంగల్ అని పిలిచేది నిజానికి పడమర నుంచి తూర్పుకు వరుసగా ఉన్న మూడు ఊళ్లు: కాజీపేట, హనుమకొండ, వరంగల్. ఇళ్లు, దుకాణాలు ఎప్పుడో కలిసిపోయాయి. నగరపాలక సంస్థ కూడా ఒకటే. మాటలో మాత్రం ఇంకా కలవలేదు. హనుమకొండలో ఉండే మనిషి "పని మీద వరంగల్ వెళ్లొస్తాను" అంటాడు. అదే మనిషి హైదరాబాద్‌లో "మాది వరంగల్" అంటాడు. దీనికి తోడు 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మార్చారు. కాబట్టి హోటల్ చిరునామాలో ఉన్న జిల్లా పేరు చూసి అది ఎక్కడుందో అంచనా వేయకండి. పేట పేరు చూడండి.

ఈ ఊళ్లో ముఖ్యమైనవన్నీ రెండేసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లు రెండు, బస్ స్టేషన్లు రెండు, చౌరస్తాలు రెండు. ఆటో ఆపి "చౌరస్తాకు వస్తారా?" అని అడిగితే, డ్రైవరు "ఏ చౌరస్తా?" అని తిరిగి అడుగుతాడు. అక్కడ మీరు తడబడితే ఊరికి కొత్త అని తెలిసిపోతుంది, చెప్పే కిరాయి కూడా దాన్ని బట్టే ఉంటుంది. "హనుమకొండ చౌరస్తా", "హనుమకొండ బస్టాండ్", "వరంగల్ స్టేషన్" అని ఊరి పేరు కలిపి చెప్పడం ముందే అలవాటు చేసుకోండి.

రెండో మెట్టు: ఎక్కడ దిగాలో బండి ఎక్కకముందే తేల్చుకోండి

రైల్లో వచ్చేవారికి కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లే. కాని తప్పు స్టేషన్లో దిగితే సామాన్లతో మళ్లీ ఊరంతా దాటాలి. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే రైళ్లకు ముందు కాజీపేట, తర్వాత వరంగల్ వస్తాయి. హైదరాబాద్ నుంచి బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు వెళ్లేవి (తెలంగాణ ఎక్స్‌ప్రెస్ లాంటివి) కాజీపేట దగ్గరే ఉత్తరానికి మళ్లిపోతాయి. వాటికి వరంగల్ స్టేషన్ తగలదు. చెన్నై, ఢిల్లీల మధ్య నేరుగా నడిచే గ్రాండ్ ట్రంక్ లాంటి రైళ్లకు వరంగల్ స్టేషనే ఆధారం. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది.

రెండు చోట్లా ఆగే రైలైతే ఎంపిక మీ బసను బట్టి ఉంటుంది. హనుమకొండలో ఉండేవారు ఎక్కడ దిగినా పెద్ద తేడా లేదు. వరంగల్ స్టేషన్ ఎదురుగానే బస్ స్టేషన్ ఉంది కాబట్టి, చీకటి పడ్డాక దిగేవారికి, వెంట పెద్దవాళ్లు ఉన్నవారికి అటే సులువు.

బస్సు సంగతి ఇంకా తేలిక. హైదరాబాద్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు. ఉప్పల్ దాటాక భువనగిరి, జనగామల మీదుగా 163వ జాతీయ రహదారి. బస్సు కాజీపేట వైపు నుంచి ఊళ్లోకి వస్తుంది, ముందు తగిలేది హనుమకొండ. కండక్టరు కేక వేసే వరకు ఆగకుండా, టికెట్ తీసుకునేటప్పుడే హనుమకొండ అని చెప్పండి. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అసలు కార్డు చేతిసంచిలో, అందేలా పెట్టుకోండి. డబ్బు కట్టకపోయినా సున్నా టికెట్ తీసుకోవాల్సిందే. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. విమానంలో వచ్చేవారు శంషాబాద్‌లో దిగి, బాహ్యవలయ రహదారి మీదుగా ఘట్‌కేసర్ వైపు వచ్చి ఇదే దారి పట్టుకోవాలి.

వేళ కూడా ముఖ్యమే. ఉదయం ఆరింటికి దిగాలని ఉబలాటపడకండి. గది దొరకదు, నిద్ర తీరదు, సామాన్లు మోసుకుంటూ టిఫిన్ సెంటర్లో కూర్చోవాలి. ఇంట్లో తిని, తాపీగా బయలుదేరి, పదకొండు నుంచి పన్నెండున్నర మధ్య ఊళ్లో దిగడం అన్నిటికన్నా మేలు.

మూడో మెట్టు: బస హనుమకొండలో చూసుకోండి

మొదటిసారి వచ్చేవారికి నా ఓటు హనుమకొండకే. మూడు ఊళ్లకు నడిమధ్యన ఉంటుంది. వేయి స్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు అన్నీ దగ్గరే. బాలసముద్రం, నక్కలగుట్ట, సుబేదారి పేటలు చూడండి, లేదా బస్ స్టేషన్ చుట్టుపక్కల చూడండి. తెల్లవారుజామున రైలు పట్టుకోవాల్సినవారికి వరంగల్ స్టేషన్ పక్కన ఉండడం సౌకర్యమే గాని, బజారు రద్దీ, బండ్ల మోత కిటికీ కిందే ఉంటాయి.

గది ఖాయం చేసేముందు హోటల్‌కు ఫోను చేసి మూడు సంగతులు అడగండి. లెక్క 24 గంటలదా, మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలా అన్నది మొదటిది. దాన్ని బట్టే మీ తిరుగు ప్రయాణం ఉంటుంది. వేడినీళ్లు రోజంతా వస్తాయా, పొద్దున కాసేపేనా అన్నది రెండోది. లిఫ్టు ఉందా, ఉంటే పని చేస్తోందా అన్నది మూడోది. ఫొటోల్లో పరుపులు, పూలకుండీలు కనిపిస్తాయి గాని ఈ మూడూ కనిపించవు.

తేదీల విషయంలో ఇంకో జాగ్రత్త. పెళ్లి ముహూర్తాలు దండిగా ఉన్న వారాల్లో మంచి హోటళ్లన్నీ పెళ్లివారితో నిండిపోతాయి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి ప్రాంతంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రోజుల్లో బస్సులు, గదులు, రోడ్లు అన్నీ జాతరవే. జాతరకు వచ్చేవారి సంగతి వేరు. తీరిగ్గా ఊరు చూద్దామనుకునేవారు ఆ వారం మానుకోవాలి.

నాలుగో మెట్టు: మధ్యాహ్నం ఏమీ పెట్టుకోకండి

గదికి చేరగానే స్నానం, తర్వాత భోజనం. హోటల్ కింద మామూలు భోజనం దొరికితే అదే తినండి. పచ్చిపులుసు వడ్డించే చోటు కనిపిస్తే ఇంకేం కావాలి, ఎండలో వచ్చిన ఒంటికి దానికి మించిన మందు లేదు. ప్రత్యేకమైన హోటల్ వెతుక్కుంటూ ఊరి ఆ చివరికి పోయే పని రేపటికి ఉంచుకోండి.

తర్వాత పడుకోండి. రెండు నుంచి నాలుగు దాకా ఈ ఊళ్లో బయట చేయగలిగిన పని పెద్దగా లేదు. గుళ్లు చాలావరకు మధ్యాహ్నం మూసి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. గుడి ఆవరణలో చెప్పులు విడిచి బండ మీద కాలు పెడితే పరుగే. వానాకాలంలోనూ భోజనం తర్వాత కునుకు వల్ల పోయేదేమీ లేదు.

చేరడానికి వచ్చిన విద్యార్థులు, కొత్త ఉద్యోగులు ఈ పూట కార్యాలయాల చుట్టూ తిరగకండి. సాయంత్రం ఒకసారి దారి మాత్రం చూసి రండి. నిట్ (1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైంది) కాజీపేట వైపు ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయం హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే దారి వైపు, కాకతీయ వైద్య కళాశాల వరంగల్ వైపు. మూడూ మూడు దిక్కులు. గది అద్దెకు తీసుకోవాలనుకునేవారు ఇది చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఐదో మెట్టు: సాయంత్రం ఒక్క గుడి

నాలుగున్నరకు లేచి, టీ తాగి, ఐదింటికల్లా వేయి స్తంభాల గుడికి చేరండి. హనుమకొండ చౌరస్తాకు దగ్గర బస చేసినవారు నడిచే వెళ్లవచ్చు. కోటను, భద్రకాళిని కాదని దీన్నే మొదట ఎందుకు చూడాలంటే, కాకతీయుల కథ ఇక్కడి నుంచే అందుకోవడం తేలిక. ఓరుగల్లు కోట రాజధాని కాకముందు రాజధాని అనుమకొండ, అంటే నేటి హనుమకొండే. కాకతి రుద్రదేవుడు 1163లో ఈ గుడి కట్టించాడు. చాళుక్యుల సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులైన సంగతి చెప్పే ఆ ఏటి సంస్కృత శాసనం ఈ ఆవరణలోనే ఉంది. ఫొటోల తొందరలో జనం దాన్ని చూడకుండానే దాటిపోతారు. మీరు ముందు దాని దగ్గర ఆగండి. అక్షరాలు చదవలేకపోయినా ఫరవాలేదు, ఒక చిన్న రాజ్యం తన పేరు తాను రాయికి ఎక్కించుకున్న చోటు అది.

అక్కడి నుంచి వెంటనే లోపలికి వెళ్లిపోకండి. గుడి నిలబడిన ఎత్తైన అరుగు చుట్టూ ఒకసారి నడవండి. అరుగు అంచు తిన్నగా సాగదు; అడుగడుగుకూ లోపలికి, బయటికి మూలలు తిరుగుతూ నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఆ మూలల వల్లే సాయంకాలపు ఎండ గోడ మీద ఒక్కచోట వెలుగు, పక్కనే నీడగా పడుతుంది. పొద్దు వాలే వేళకు రమ్మనడానికి సగం కారణం ఇదే.

ఇది త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు, నడుమ అందరికీ ఒకే రంగమండపం. రుద్రదేవుడి పేరు మీదే ఇక్కడి శివుడు రుద్రేశ్వరుడు. దర్శనం అయ్యాక మండపంలో ఒక్క స్తంభం ఎంచుకుని దాని దగ్గరే నిలబడండి. కింద చదరం, మీద గుండ్రం, ఆ పైన పళ్లెం ఆకారంలో పలుచని అంచు. కుమ్మరి సారె మీద పెట్టి తిప్పినట్టు నున్నగా ఉంటుంది. అంచు మీద వేలు పెట్టి చూస్తే ఎక్కడా గీరుకోదు. నల్లని రాతికి పెట్టిన మెరుగు ఎంతటిదంటే, సరైన వైపు నిలబడితే మీ వెనక వెళ్లే మనిషి చీర రంగు అందులో కదులుతుంది. తల ఎత్తితే పైకప్పు పలకల మీద శిల్పాలు. మెడ నొప్పి పుట్టేవరకు చూసి, పిల్లలకు కూడా ఒక పలక చూపించి, అందులో ఏముందో చెప్పమనండి. పది నిమిషాలు వాళ్ల గొడవ ఉండదు.

బయట పెద్ద నంది, అదీ ఒకే నల్లరాతిలో. మెడలోని గంటల పట్టెడలు దగ్గరికి వెళ్లి చూడాలి. నంది అవతల కల్యాణ మండపం. పునాది కుంగిందని ఏళ్ల తరబడి రాయి రాయిగా విప్పి పెట్టి, తిరిగి పేర్చి, 2024 మార్చిలో మళ్లీ తెరిచారు. కాకతీయులు పునాదిలో ఇసుక నింపి దాని మీద బరువు నిలబెట్టేవారు. ఇంత బరువున్న రాళ్లను ఆ ఇసుక ఎలా మోసిందో ఈ మండపం ముందు కూర్చుని ఆలోచించుకోవచ్చు. ఇంతకుముందు వచ్చి, ఈ మండపాన్ని రాళ్లుగా చూసి వెళ్లినవారు మళ్లీ రావడానికి ఇదొక్కటీ చాలు.

స్తంభాలు నిజంగా వెయ్యి ఉన్నాయా అని లెక్కపెట్టే పని పెట్టుకోకండి. ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి కొన్ని, గోడలో దాగినవి కొన్ని. ఒక్కొక్కరికి లెక్క ఒక్కోలా తేలుతుంది, తిరుగు దారి అంతా ఆ వాదనే నడుస్తుంది.

చీకటి పడేవరకు ఉండండి. మహాశివరాత్రి, కార్తీక సోమవారాలు, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజున మాత్రం ఇక్కడ నిలబడడానికి చోటు దొరకదు. శిల్పం చూడడానికి అవి తగిన రోజులు కావు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆవరణ నిండా పూలు చూడాలని వచ్చేవారైతే, శిల్పం సంగతి మరో రోజుకు పెట్టుకోవాలి.

మోకాళ్ల నొప్పులవారికి మెట్లు, అరుగులు కష్టమైతే భద్రకాళి చెరువు కట్ట మంచి ప్రత్యామ్నాయం. చదునైన నడక, నీటి గాలి, భద్రకాళి గుడి పక్కనే. రెండూ ఒకే సాయంత్రం కుక్కకండి.

ఆరో మెట్టు: రాత్రి తిండి తేలిగ్గా

గుడి నుంచి హనుమకొండ చౌరస్తా వైపు నడిస్తే మిర్చి బజ్జీల బండ్లు, ఇరానీ చాయ్ హోటళ్లు కనిపిస్తాయి. జూలై, ఆగస్టుల్లో వచ్చినవారికి నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కంకులు, ఎక్కడైనా దొరికితే మక్క గారెలు. ఇక్కడి మనిషిగా నా పట్టుదల ఒక్కటి: సర్వపిండి తినకుండా పడుకోవద్దు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు, కారం కలిపి, అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె లోపల పలుచగా అద్ది, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెడతారు. గిన్నెకు తగిలిన వైపు ఎర్రగా కరకరలాడుతుంది, పైవైపు మెత్తగా ఉంటుంది. చల్లారితే రెండువైపులా ఒకేలా సాగుతుంది. అందుకని అద్దాల పెట్టెలో పేర్చి ఉన్నది కాకుండా, గిన్నె నుంచి అప్పుడే తీసినది అడగండి. సకినాలు, గారెల పొట్లాలు ఇప్పుడే కొనకండి. ఊరు వదిలే రోజు కొంటే విరగకుండా ఇంటికి చేరతాయి.

బిర్యానీ మీదికి మనసు పోతుంది గాని, ప్రయాణం చేసి వచ్చిన మొదటి రాత్రి కడుపు నిండా తింటే మర్నాడు పొద్దున కోటకు లేవరు. ఇడ్లీ, దోసె, పెరుగన్నం చాలు.

ఏడో మెట్టు: పడుకునే ముందు రేపటి ఆటో

కోటకు రేపు పొద్దున ఆరున్నరకల్లా బయలుదేరాలి. అక్కడ నీడ తక్కువ. నాలుగు కీర్తి తోరణాల నడుమ స్వయంభూ దేవాలయ శిథిలాలు ఆరుబయట పరిచినట్టు ఉంటాయి, తొమ్మిది దాటితే రాయి వేడెక్కుతుంది. పైగా ఖిలా వరంగల్ ఒట్టి శిథిలం అనుకోకండి. మట్టికోట, రాతికోట దాటి లోపలికి వెళితే జనం కాపురాలుండే ఊరు, బడికి పోయే పిల్లలు, పొలాలు. పొద్దున్నే వెళ్లినవారికి ఆ ఊరు లేస్తూ కనిపిస్తుంది.

షేర్ ఆటోలు ప్రధాన రోడ్డు మీద కాజీపేట, హనుమకొండ, వరంగల్‌ల మధ్య విరివిగా తిరుగుతాయి. కోట దాకా మాత్రం వాటిని నమ్ముకోకండి. రైలు పట్టాలకు అవతల, అండర్ బ్రిడ్జి దాటి వెళ్లాలి. రాత్రే హోటల్ వారినో, సాయంత్రం మిమ్మల్ని మర్యాదగా తీసుకెళ్లిన ఆటో డ్రైవరునో అడిగి మాట్లాడుకోండి. బేరంలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: పోను రాను కలిపి ఎంత, అక్కడ ఎంతసేపు ఆగాలి, తోరణాల దగ్గర నుంచి కోటలోనే ఉన్న ఖుష్ మహల్ దాకా కూడా తిప్పుతాడా. "చూసి ఇవ్వండి సార్" అనే మాటకు తల ఊపకండి. సంఖ్య చెప్పించుకోండి.

రామప్పను మూడో రోజుకే ఉంచండి. ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, వెళ్లి రావడానికే సగం రోజు పడుతుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమైంది. వేయి స్తంభాల గుడిని మొదటి రోజు దగ్గరగా చూసిన కంటికి, యాభై ఏళ్లలో అదే శిల్పుల పరంపర ఎంత దూరం నడిచిందో అక్కడ తెలుస్తుంది. అటువైపే ఉన్న లక్నవరం చెరువు కూడా చూద్దామనుకుంటే కారు ఆ రోజంతటికీ మాట్లాడుకోవాలి.

రాత్రి పది దాటాక రైలు దిగేవారికి పై వరుస పనికిరాదు. హోటల్‌కు ముందే ఫోను చేసి వచ్చే వేళ చెప్పండి. చిన్న హోటళ్లలో తలుపు వేసి పడుకుంటారు. ఆ వేళకు షేర్ ఆటోలు పలచబడతాయి కాబట్టి ఆటో విడిగా మాట్లాడుకోవాలి. నీళ్ల సీసా, బిస్కట్లు రైల్లోనే కొనుక్కోండి. అలా వచ్చినవారు మర్నాటినే మొదటి రోజుగా లెక్క వేసుకుని, పొద్దెక్కేవరకు పడుకుని, నాలుగో మెట్టు దగ్గర అందుకోవచ్చు.